పెద్దాయనకు తగిలిన దెబ్బ

ఆ వర్క్‌షాపులో అందరూ పెద్దాయన అని పిలిచేది మనిషిని కాదు, మూరెడు పొడవున్న ఒక స్టీలు గొట్టాన్ని. పెన్సిలు కన్నా సన్నగా ఉంటుంది. దాని చివర, లోపల, వెంట్రుకలాంటి ప్లాటినం తీగ చుట్టలు చుట్టి ఉంటుంది. వేడి తగిలేకొద్దీ ఆ తీగలో కరెంటు నడవడానికి అడ్డు పెరుగుతుంది, చల్లబడేకొద్దీ తగ్గుతుంది. ఆ అడ్డును కొలిచి పక్కనున్న మీటరు డిగ్రీల్లో అంకె చూపిస్తుంది. ఆస్పత్రుల నుంచీ మందుల కంపెనీల నుంచీ కాలేజీల నుంచీ పరీక్షకొచ్చే లాబొరేటరీ థర్మామీటర్లన్నీ నీళ్ళతొట్టిలో ఈ పెద్దాయన పక్కన నిలబడి, ఆయన ఎంతంటే తామూ అంతే అనాలి. అనకపోతే వాటి మరను చెవి మెలిపెట్టినట్టు కాస్త తిప్పి, అనేలా చేసి పంపిస్తారు. అంతా ఆయన మాట మీదే నడుస్తుంది గనక, ఆయనే తప్పు చెబితే ఇక చెప్పేదేముంది, ఆ మాట విన్నవన్నీ తప్పే చెబుతాయి.

అలాంటి పెద్దాయనను ఆ పొద్దున కంగారమ్మ తొట్టి అంచుకేసి కొట్టింది.

కావాలని ఎవరు కొడతారు. పెద్దాయనను స్టాండు మీంచి తీసి తొట్టిలో దించబోతోంది, కోటు జేబులో ఫోను గుయ్యిమంది, మోచెయ్యి ఉలిక్కిపడింది. స్టీలు స్టీలుకు తగిలి ణంగుమన్న చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు. కింద టైర్ల షాపులో పొద్దస్తమానం మోగే సుత్తుల ముందు అది లెక్కలోకే రాదు. మెట్లెక్కి పైకొస్తే ఈ వర్క్‌షాపు, రెండే గదులు. ముందు గదిలో పరీక్షలు, లోపలి గదిలో రిపేర్లు. మెట్ల మలుపులో ఓ మూల ప్యాకింగు.

ఫోను ఇంటి నుంచి. అవతల అత్తయ్య.

"పాప ఒళ్ళు కాస్త వెచ్చగా ఉన్నట్టుందే. నువ్వేం కంగారుపడకు."

ఈ రెండు మాటలూ ఒకే ఊపిరిలో చెప్పే మనిషికి కంగారమ్మ సంగతి తెలియదని కాదు. పది నెలల పాపను ఆవిడ చేతిలో పెట్టి పనికి వస్తుంది కంగారమ్మ. వచ్చి కోటు తొడుక్కునే లోపే ఒక ఫోను. పాప తిన్నదా. పడుకుందా. పడుకుంటే ఊపిరి తీస్తోందో లేదో చూశారా. "తీస్తోందే తల్లీ, ముందు నువ్వు తియ్యి" అని అత్తయ్య ఓసారి ఫోను పెట్టేసింది. అది విన్న ప్యాకింగు అక్క ఆ రోజే ఈ పేరు తగిలించింది. పేరు అతుక్కుపోయింది. ఇప్పుడు వ్యాను డ్రైవరు కూడా కంగారమ్మగారూ అని మర్యాదగా పిలుస్తాడు.

"ఎంత వెచ్చగా అత్తయ్యా? నుదురా, పొట్టా? పాదాలు చల్లగా ఉన్నాయా?"

"వెచ్చగా అంటే వెచ్చగానే. ఆడుకుంటోంది. నీ పని చూసుకో."

పని చూసుకుంది. చేతులు పని చేశాయి, బుర్ర మాత్రం ఇంట్లో పాప నుదుటి మీదే ఉండిపోయింది. తొట్టిలో ఉన్నవి పాలబ్యాంకు వాళ్ళ థర్మామీటర్లు, రెండు. పాలు ఎక్కువున్న తల్లులు పిండి ఇచ్చే పాలను ఆ పాలబ్యాంకులో గడ్డ కట్టించి దాస్తారు. మళ్ళీ కరిగించి, వేడినీళ్ళ తొట్టిలో సీసాలు నిలబెట్టి, ఇంత అంటే ఇంతే వేడి చేసి, నెలలు నిండకుండా పుట్టి తల్లిపాలకు నోచుకోని పిల్లలకు పడతారు. వేడి కాస్త తగ్గితే పాలలో క్రిములు బతికిపోతాయి. కాస్త మించితే సారం పోతుంది. ఆ తొట్టిలో ఉండి వేడి ఎంతో చెప్పే థర్మామీటర్లు ఇవి. పెద్దాయన ఎంతన్నాడో చూసి, రెండింటినీ ఆ మాటకు సరిచేసి, తిప్పిన మర మీద బిరడా పెట్టి, ప్యాకింగు బల్ల మీద ఉంచింది. డ్రైవరు తీసుకుని మెట్లు దిగిపోయాడు.

చేతులు కడుక్కుంటూ తలెత్తితే, ఎదురుగా గోడ మీద, రోజూ చూసీ చూసీ కంటికి ఆనడం మానేసిన అట్టముక్క. "దెబ్బ తగిలిందా? ముందు సున్నా చూడు. తర్వాతే పని."

కుళాయి కట్టెయ్యడం మరిచిపోయి అలాగే నిలబడింది.

ఆ అక్షరాలు సున్నా సారువి. వర్క్‌షాపు ఆయనదే. కూరగాయలు కొనడానికి వెళ్ళినా ముందు ఖాళీ త్రాసు చూపించమని అడిగే మనిషి. సెన్సర్‌కి ఏ చిన్న దెబ్బ తగిలినా లోపలి తీగ ఒళ్ళు విరుచుకుంటుందనీ, అప్పుడు మంచులో పెట్టి సున్నా చెబుతోందో లేదో చూడకుండా దాని మాట నమ్మకూడదనీ, పనిలో చేరిన రోజున ఆయన చెప్పిన మొదటి పాఠం అదే. కరుగుతున్న మంచు ఎక్కడైనా సున్నాయే. దాన్ని ఎవరూ మోసం చెయ్యలేరమ్మా అనేవాడు. చదువు మధ్యలో ఆగిపోయిన కంగారమ్మకు పాఠాలంటే బెదురు గానీ, ఇది మాత్రం ఇట్టే ఎక్కింది. ఎక్కి ఏం లాభం.

పరుగున వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. పై అరలో ముందున్న ట్రేలోని మంచు తీసి, గుడ్డలో చుట్టి, కర్రసుత్తితో దంచింది. శుద్ధి చేసిన నీళ్ళు చల్లి, వెడల్పు మూతి ఫ్లాస్కులో కూరి, పెద్దాయనను లోతుగా దించింది. మీటరులో అంకెలు గబగబా దిగాయి, నెమ్మదించాయి, సున్నా దగ్గరకొచ్చాయి. అక్కడ ఆగలేదు. ఇంకా దిగి, సున్నాకు కింద పాయింట్ నాలుగు దగ్గర నిలబడ్డాయి.

తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. మీటరును తట్టింది, తీగలు ఊడదీసి బిగించింది. అంతే.

ఒక నిమిషం, ఎవరికీ చెప్పకుండా వ్యాను వెనక పరుగెత్తి ఆ రెండూ వెనక్కి తెచ్చేస్తే, అనుకుంది. వ్యాను ఈపాటికి సగం దూరం పోయుంటుంది. ఆ తర్వాత ఇక ఏమీ అనుకోకుండా లోపలి గదిలోకి వెళ్ళింది.

సున్నా సారు ఒక ఓవెన్‌ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి దాని పొట్టలో తల పెట్టి ఉన్నాడు.

"సార్, పెద్దాయనకి దెబ్బ తగిలింది."

తల బయటికి వచ్చింది. "ఎప్పుడు?"

"పొద్దున. తొట్టి అంచుకి. నా మోచెయ్యి తగిలి."

"సున్నా చూశావా?"

"ఇప్పుడు చూశాను."

"ఇప్పుడంటే? పాలబ్యాంకు వాటికి ముందా, తరవాతా?"

"తరవాత. దెబ్బ ముందు తగిలింది సార్. ఇంటి నుంచి ఫోను మోగితే ఉలిక్కిపడ్డాను, ఎత్తితే పాపకి ఒళ్ళు వెచ్చగా ఉందన్నారు. ఇక నాకేం గుర్తులేదు. అవి వెళ్ళిపోయాయి. పాయింట్ నాలుగు తేడా ఉంది సార్."

సున్నా సారు అరవలేదు. అరిచినా బావుండు అనిపించింది కంగారమ్మకు. చేతులు తుడుచుకుని, నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని, ఫోను తీసి పాలబ్యాంకు నర్సమ్మకు కలిపాడు. ఇద్దరికీ వినపడేలా బల్ల మీద పెట్టాడు.

"థర్మామీటర్లు వచ్చేశాయి సార్, ఇప్పుడే" అంది నర్సమ్మ. "మీవాడు టీ తాగుతున్నాడు."

"వాటిని అప్పుడే వాడకండి. నేను మళ్ళీ ఫోను చేస్తాను."

"వాడకపోతే ఎలా సార్? పొద్దున్నే పాలు తీసి కరిగించేశాం. ఒకసారి కరిగాక మళ్ళీ గడ్డ కట్టించకూడదు. సాయంత్రంలోగా వేడి చెయ్యకపోతే మొత్తం పారబొయ్యాలి. ఎంతమంది తల్లులు పిండి ఇచ్చారో తెలుసా? చంటివాళ్ళకి రాత్రికి అవే పట్టాలి."

"మీ దగ్గర వేరే థర్మామీటరు లేదా అమ్మా?"

"ఒకటి ఉంచుకుని ఒకటి పంపుతానన్నాను కదా సార్ నేను. రెండూ ఒకేసారి పంపమన్నది మీరు."

సున్నా సారు మెడ గోక్కున్నాడు. "అన్నాను. సాయంత్రంలోగా చెబుతాను. తొట్టి వేడెక్కించి ఉంచండి."

ఫోను పెట్టేశాక కంగారమ్మ అడిగింది, "మన దగ్గర ఇంకో పెద్దాయన లేడా సార్?"

"ఆయన తమ్ముడున్నాడు. పెద్ద ల్యాబుకి పరీక్షకి వెళ్ళాడు. వాళ్ళు పంపేదాకా రాడు."

"ఇప్పుడెలా మరి?"

"చూద్దాం పద."

నెలలు నిండని పిల్లలను కంగారమ్మ ఒకే ఒక్కసారి చూసింది, తన పాప పుట్టినప్పుడు, అద్దాల వెనకనుంచి. అరచేతిలో ఇమిడిపోయే ప్రాణాలు. వేళ్ళు అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ఆ నోళ్ళకు అందాల్సిన పాలు తన మోచేతి మూలంగా మోరీలో పోయబోతున్నారు. మోరీలో పోస్తే నయం. అవి తప్పు చెబుతున్నాయని తెలియకుండా వాడేసి ఉంటే? అంతకంటే ముందుకు ఆలోచించడానికి భయపడి, సున్నా సారు వెనకే నడిచింది.

ఆయన ఫ్లాస్కు దగ్గర కూర్చుని మీటరు కేసి చూశాడు. చూసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూశాడు.

"కిందికి ఉందేమిటి?"

"అదే చెప్పాను కదా సార్. పాయింట్ నాలుగు."

"నువ్వు తేడా అన్నావు. కిందికి అనలేదు." వేలితో బల్ల మీద ఒక గీత గీశాడు. "దెబ్బ తగిలితే ఏమవుతుంది? తీగ సాగుతుంది, నలుగుతుంది. సాగితే అడ్డు పెరుగుతుందా తగ్గుతుందా?"

"పెరుగుతుంది."

"పెరిగితే మీటరు ఏమనుకుంటుంది?"

"వేడెక్కింది అనుకుంటుంది. అంకె పైకి పోతుంది."

"మరి ఇదేమిటి, దెబ్బ తిన్నవాడు పైకి అరవాలి గానీ, ఈయన కిందికి గొణుగుతున్నాడు."

కంగారమ్మకు అర్థమయీ కానట్టుంది. "కిందికి పోకూడదా సార్?"

"పోకూడదని రాసిపెట్టి లేదు. కానీ నేను చూసినవన్నీ పైకే పోయాయి." లేచి సొరుగులు వెతికాడు. మూడో సొరుగు అడుగున, పాత గుడ్డలో చుట్టిన ఇంకో సెన్సర్ దొరికింది. పెద్దాయనంత నమ్మకస్తుడు కాదు గానీ, ఏ దెబ్బా తగలకుండా పడుకుని ఉన్నవాడు. దాన్ని కూడా అదే ఫ్లాస్కులోకి, పెద్దాయన పక్కకు దించి, రెండో మీటరుకు కలిపాడు. ఇద్దరూ నిలబడి చూశారు. కింద టైర్ల షాపులో ఎవరో చక్రం బిగిస్తూ ఒకటే బాదుతున్నారు.

అంకె దిగింది. సున్నా దాటింది. కింద పాయింట్ నాలుగు దగ్గర ఆగింది.

సున్నా సారు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం ఆడరమ్మా. వీళ్ళు నిజమే చెబుతున్నారు. ఫ్లాస్కులో నిజంగానే సున్నా కంటే చల్లగా ఉంది."

"మంచు ఎక్కడైనా సున్నాయే అన్నారు కదా మీరు."

"శుద్ధమైన మంచు అన్నాను."

"అన్లేదు సార్."

"మనసులో అనుకున్నాను." ఫ్లాస్కులోకి తొంగిచూశాడు. "ఈ మంచు ఎక్కడిది?"

"మన ఫ్రిజ్‌లోదే. శుద్ధి చేసిన నీళ్ళు నేనే పోశాను నిన్న." అంటూనే కంగారమ్మ ఆగింది. "కానీ సార్, ఇవాళ దంచుతుంటే మెత్తగా ఉంది. రోజూ రాయిలా ఉంటుంది, చెయ్యి నొప్పెడుతుంది. ఇవాళ పిండిలా నలిగిపోయింది. పోనీలే, తొందరగా అయిందని సంతోషించాను కూడా."

సున్నా సారు నోరు తెరిచాడు గానీ మాట బయటికి రాకముందే తలుపు తోసుకుని ప్యాకింగు అక్క వచ్చింది. గడ్డం కింద నుంచి నడినెత్తికి రుమాలు కట్టుకుని ఉంది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. నిన్న సాయంత్రం పన్ను పీకించుకుంది. దవడలో దూది పెట్టుకుంది గనక, మామూలుగా మెట్ల మీంచే మొదలయ్యే ఆవిడ మాటలు ఇవాళ ఎవరికీ వినపడలేదు. వీళ్ళిద్దరినీ పట్టించుకోకుండా సరాసరి ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, పై అర తెరిచి, చెయ్యి పెట్టి వెతికింది. వెనక్కి తిరిగి ఖాళీ ట్రే పైకెత్తి చూపించింది. కళ్ళల్లో కోపం.

"ఏంటక్కా?" అంది కంగారమ్మ.

అక్క ట్రే చూపించి, బుగ్గ చూపించి, చేతులు రెండూ ఖాళీ అన్నట్టు తిప్పింది.

"ఆ ట్రే నీదా?"

"ఊఁ."

"మన ఫ్రిజ్‌లోనా?"

అక్క మెట్ల వైపు వేలు చూపించి, ప్యాకింగు ఫ్రిజ్ చచ్చిపోయింది అన్నట్టు నాలుక బయటపెట్టబోయి, నొప్పెట్టి మానేసింది. పళ్ళు కదపకుండా, దూదిలోంచి, ఒక్కో మాటా బయటికి నెట్టింది. "బుగ్గకి. మెత్తగా. ఉండాలని. వేసుకున్నా."

"ఏం వేసుకున్నావు?" అన్నాడు సున్నా సారు. ఆయన గొంతులో అదోరకం జాగ్రత్త వచ్చింది.

"ఉప్పు."

"ఎంత?"

అక్క గుప్పెడు చూపించింది. కాస్త ఆలోచించి, అంత కాదులే అన్నట్టు గుప్పెట్లోంచి సగం తీసేసింది.

ఆవిడ చేసింది తప్పేం కాదు. ఉప్పునీళ్ళు మామూలు నీళ్ళలా గట్టిగా గడ్డ కట్టవు, మెత్తగా ఉంటాయి, ఉబ్బిన బుగ్గకు దిండులా అమరుతాయి. ప్యాకింగులో చల్లపెట్టెలు సర్దీ సర్దీ ఆవిడకది తెలిసిన విద్య. అదే ఉప్పు మంచును సున్నా కంటే కిందికి లాగేస్తుందన్నది సున్నా సారుకు తెలిసిన విద్య. ఈ రెండు విద్యలూ ఇన్నేళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నా ఒక ఫ్రిజ్‌లో కలవడం ఇదే మొదలు.

"నీ బుగ్గ మంచు తీసుకెళ్ళి పెద్దాయనకి పెట్టామే" అన్నాడు సున్నా సారు.

అక్క కంగారమ్మ ముఖం చూసింది. ఫ్లాస్కు చూసింది. సంగతేమిటో పూర్తిగా తెలియకపోయినా ఏదో గట్టిదే జరిగిందని గ్రహించి కోపం తగ్గించింది. కానీ మాట్లాడలేని మనిషి ఊరుకోవడం కష్టం. "పేరు. రాయలేదు. నా తప్పే. కానీ అడక్కుండా. తీసుకోవడమేంటి."

"మన మంచేదక్కా? నేను నిన్న పోసింది?"

అక్క ఫ్రిజ్‌లో చెయ్యి లోపలికంటా పెట్టి, వెనక గోడకు అంటుకుపోయిన రెండో ట్రే పీకి బల్ల మీద పెట్టింది. తన ట్రేకు చోటు కోసం దాన్ని వెనక్కి నెట్టిందన్నమాట. అద్దంలా ఉంది మంచు.

"అయితే పెద్దాయనకి ఏమీ కానట్టేనా సార్?" కంగారమ్మ గొంతులో ఆశ అప్పుడే మెట్లెక్కేసింది.

"తొందరపడకు. మంచు తప్పని తేలింది. పెద్దాయన ఒప్పని తేలలేదు. తెలియని ఉప్పులో పెట్టి ఏం చెప్పగలం? ఈ కొత్త మంచు చెప్పాలి. కానీ ఈ ఫ్లాస్కు వద్దు, దీనికి ఉప్పంటుకుంది. గుడ్డా వద్దు, సుత్తీ కడుగు."

అన్నీ కడిగింది. ఒకసారి కాదు, శుద్ధి చేసిన నీళ్ళతో మూడుసార్లు, పాప పాలసీసా కడిగినట్టు. కొత్త గుడ్డలో మంచు చుట్టి దంచింది. ఈసారి సుత్తి దెబ్బకు మంచు ఠక్కుమని ఎదురుతిరిగింది. మోచేతి దాకా నొప్పి పాకింది. ఆ నొప్పి ఎంత హాయిగా ఉందో చెప్పలేం. వేరే ఫ్లాస్కులో మంచు నింపి, సందులు లేకుండా నీళ్ళు పోసి, పైన తేలిన నీళ్ళు వంచేసి, మళ్ళీ మంచు కూరింది. పెద్దాయనను తుడిచి, ఈసారి రెండు చేతులతో, చంటిపిల్లను తొట్లో దించినట్టు దించింది.

"ఇక ముట్టుకోకు. ఆయన లోపలిదాకా చల్లబడాలి" అన్నాడు సున్నా సారు.

అక్క వెళ్ళలేదు. బుగ్గ పట్టుకుని, తలుపుకు ఆనుకుని నిలబడింది. ముగ్గురూ మీటరునే చూస్తున్నారు. అంకె బద్ధకంగా దిగుతోంది.

అంతలో కోటు జేబులో ఫోను మోగింది. కంగారమ్మ చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగిపోయింది. సున్నా సారు వైపు చూసింది.

"తియ్యి. నీ చేతిలో ఇప్పుడేం లేదు కదా కొట్టడానికి."

అక్క నవ్వబోయి, దవడ పట్టుకుని మూలిగింది.

"పాప బాగానే ఉందే" అంది అత్తయ్య అవతల. "నీకు ఫోను చేశాక మళ్ళీ చూశాను. చల్లగానే ఉంది. అప్పుడు నేను బట్టలు జాడించి వచ్చి చెయ్యి పెట్టాను కదా. నా చేతులే మంచుగడ్డల్లా ఉన్నాయి. దాంతో పిల్ల వెచ్చగా అనిపించింది. ఇప్పుడు చేతులు ఆరబెట్టుకుని చూశాను, ఏం లేదు."

"ఏం లేదా?"

"ఏం లేదంటే నమ్మవే. ఇందాక నా కళ్ళజోడు నోట్లో పెట్టుకుంది. అంత బాగుంది."

ఫోను పెట్టేసి, కంగారమ్మ సంగతి చెప్పింది. సున్నా సారు మీటరు మీంచి చూపు తిప్పకుండానే తలూపాడు. "మీ అత్తయ్యగారి చేతికి కూడా ఓసారి సున్నా చూపించాలి."

కంగారమ్మ నవ్వింది. నవ్వుతూనే అంకె చూసి, నవ్వు మధ్యలో ఆపేసింది.

సున్నా మీద పాయింట్ ఒకటి. కాసేపటికి అందులో సగం. ఆ తర్వాత చివరి అంకె ఒక్కటే, కొనప్రాణంతో ఉన్న పురుగులా, అటూ ఇటూ కొట్టుకుంది. కంగారమ్మ తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. సాగిన తీగైతే ఇక్కడే ఆగిపోతుంది, సున్నాకు కాస్త ఎగువన, ఇంక దిగనని మొండికేస్తుంది. ఆగకు, ఆగకు, దిగు, అని మనసులో పెద్దాయనను బతిమాలింది. పెళ్ళయ్యాక తన మామగారినైనా ఇంతగా బతిమాలలేదు.

సున్నా. పాయింట్ సున్నా. ఆ తర్వాత కూడా సున్నా.

ఒకవేళ ఇంకా దిగుతుందేమోనని ఇంకాసేపు చూశారు. దిగలేదు, ఎక్కలేదు. బండరాయిలా అక్కడే కూర్చుంది.

"ఏమంటున్నాడు?" అన్నాడు సున్నా సారు, తన కళ్ళతో తాను చూస్తూ కూడా.

"సున్నా అంటున్నాడు సార్."

"పాత సున్నాయేనా?"

"పాత సున్నాయే."

"గట్టి పిండం." ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, రెండు అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. అప్పుడర్థమైంది కంగారమ్మకు, ఇంతసేపూ ఆయనా తనలాగే ఉగ్గబట్టుకుని ఉన్నాడని. ఆయన ముఖం అంత సేదదీరి ఎప్పుడూ చూడలేదు. "దెబ్బ తగిలింది గానీ లోపలికి దిగలేదు. పొద్దున ఆయన చెప్పిందంతా నిజమే. నువ్వు సరిదిద్దిందీ సరిగ్గానే ఉంది."

కంగారమ్మ స్టూలు వెతుక్కుని కూర్చుంది. ఒళ్ళంతా తేలికైపోయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియనట్టుంది. అక్క వచ్చి, చల్లటి చేత్తో ఆమె మెడ మీద ఒక్కటి చరిచింది. అది తిట్టో, ఓదార్పో, ఆవిడ నోరు విప్పేదాకా తెలియదు.

"సార్, నన్ను ఏమీ అనరా?"

"అంటాను. రేపంటాను. ఇవాళ అంటే నీకు ఎక్కదు. ముందు ఇది చెయ్యి." పాలబ్యాంకుకు ఫోను కలిపి ఆమె చేతిలో పెట్టాడు.

"నేనా?"

"పంపింది నువ్వు. చెప్పేదీ నువ్వే."

అవతల నర్సమ్మ మొదటి గంటకే ఎత్తింది. "చెప్పండి సార్."

"నేనండీ. పరీక్ష చేసింది నేనే." గొంతు సవరించుకుంది. "రెండూ వాడుకోండి. సరిగ్గా ఉన్నాయి."

"సరిగ్గా అంటే? నిజంగా సరిగ్గానా? ఇందాక వద్దన్నారు."

"ఇందాక మాకు అనుమానం వచ్చింది. దెబ్బ తగిలింది, నా చేతి మీదుగానే. ఇప్పుడు మంచులో పెట్టి చూశాం. ఏ తేడా లేదు."

"పారబొయ్యక్కర్లేదా?"

"చుక్క కూడా పారబొయ్యొద్దు."

నర్సమ్మ పొడుగ్గా ఊపిరి వదలడం ఫోనులో గాలివానలా వినపడింది. "బతికించావు తల్లీ. తొట్టి వేడెక్కించి పెట్టుకుని, తలుపు దగ్గరే నిలబడ్డాను, ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలా అని. ఉండు, పెట్టెయ్యకు. ఇప్పుడే దించుతున్నాను, నువ్వు లైన్లో ఉంటే నాకు ధైర్యం."

సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు. నీళ్ళ చప్పుడు. "దించాను. అంకె ఎక్కుతోంది." మళ్ళీ సీసాల చప్పుడు. ఆ చప్పుళ్ళ వెనకనుంచి, ఎక్కడో తలుపవతల, సన్నటి ఏడుపు వినిపించింది. పిల్లికూన అరిచినట్టుంది. ఆగి, దమ్ము కూడగట్టుకుని, మళ్ళీ అందుకుంది.

"ఎవరండీ అది?"

"మా చిన్న దొరగారు. మొన్ననే వచ్చాడు, కిలోన్నర కూడా లేడు. గొంతు మాత్రం రెండు గదులకి వినపడుతుంది. ఆకలి మొదలైంది."

"వస్తున్నాయని చెప్పండి."

"చెబుతూనే ఉన్నా. వినిపించుకుంటేగా."

ఆ ఏడుపు వింటూ ఉండగానే కంగారమ్మ రొమ్ముల్లో జివ్వుమంది. పొద్దుటి నుంచీ బిగుసుకుపోయి ఉన్నదంతా ఒక్కసారి వదులైనట్టు పాలు దిగాయి. కోటు లోపల బట్ట వెచ్చగా తడిసింది. గబుక్కున మోచెయ్యి అడ్డం పెట్టుకుంది. సున్నా సారు అప్పటికే కిటికీ వైపు తిరిగి, కింద టైర్ల షాపును ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. అక్క మాత్రం చూసింది. రుమాలు కట్టు కిందనుంచి, నొప్పిని కూడా లెక్కచెయ్యకుండా, నవ్వేసింది.

"లైన్లో ఉన్నావా తల్లీ?" అంది నర్సమ్మ.

"ఉన్నానండీ" అంది కంగారమ్మ. "ఏడవనివ్వండి. వింటున్నాను."